బండి ఆగిన చోట

ప్రపంచ యాత్రా గ్రంథాలను చదివి ఆనందించని విద్యార్థి అరుదు. కొండలు, ఎడారులు, అడవులు దాటుకుంటూ ఒక ఖండం నుండి మరొక ఖండానికి మోటారు బండిపై సాగిపోయిన వారి సాహసాలను చదివినప్పుడు ఎవరి మనస్సైనా ఉప్పొంగుతుంది. కాని ఆ పుస్తకం మూసి, జగిత్యాల నుండి కోరుట్ల దారి పట్టినప్పుడు, రోడ్డు పక్క రేకుల షెడ్డులో నూనె మరకల బట్టలతో లారీ కింద పడుకొని పని చేస్తున్న మనిషిని చూసి ముఖం తిప్పుకొని పోతాము. ఆ యాత్రికునికీ ఈ మనిషికీ గల సంబంధం మనకు తోచదు.

ఆ సంబంధాన్ని గుర్తు చేయడమే మా ఉద్దేశం. ఖండాలను దాటడానికి బండికి బలం ఎంత అవసరమో, ఆగిపోయిన బండిని తిరిగి నడిపించగల నేర్పు మనిషికి అంతకు మించి అవసరం. ఆ నేర్పు మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల ఇళ్లలో కావలసినంత ఉన్నది. అయినా దానిని మనము విద్యగా లెక్కించడం లేదు. ఈ నిర్లక్ష్యానికి మనము చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు.

ముందుగా గ్రంథాలకెక్కిన యాత్రలనే చూద్దాము. 1955 సెప్టెంబరు 1వ తేదీన ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలకు చెందిన ఆరుగురు యువకులు రెండు ల్యాండ్ రోవర్ బండ్లలో లండన్ నగరం నుండి బయలుదేరారు. టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ దాటి మన దేశంలో ప్రవేశించారు. అస్సాంలోని లేడో నుండి రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన దారిని పట్టి బర్మాలోకి పోయారు. యుద్ధం ముగిశాక పట్టించుకొనేవారు లేక ఆ దారి అప్పటికే పాడుపడి ఉన్నది. అయినా 1956 మార్చి 6వ తేదీకి వారు సింగపూర్ చేరుకున్నారు. వారిలో ఒకరైన టిమ్ స్లెసర్ ఆ యాత్రను గ్రంథస్థం చేశాడు.

ఈ కథలో ఒక విషయాన్ని పాఠకులు గమనించగోరుతాము. బయలుదేరడానికి ముందే వారు పనులు పంచుకున్నారు. దారి చూసుకొనేవాడు ఒకడు, తిండి సామాను లెక్క చూసేవాడు ఒకడు, బండ్ల మరమ్మతు చూసేవాడు ఒకడు. ఒక బండి కూరుకుపోతే లాగడానికి రెండవ బండి ఉన్నది. వారి యాత్ర ఇంత సంసిద్ధతపై నిలబడింది.

అదే రెండు బండ్లలో ‘ఆక్స్‌ఫర్డ్’ అని పేరున్నది, ఎన్నో ఏండ్లు దూరద్వీపాలలో తుప్పు పట్టి, తరువాత బాగుపడి, 2019లో సింగపూర్ నుండి లండన్‌కు తిరుగు ప్రయాణం కట్టింది. స్లెసర్ స్వయంగా పోదలచాడు గాని ఆరోగ్యం సహకరించలేదు. ఆయన స్థానంలో మనుమడు కూర్చున్నాడు. ఆగస్టులో బయలుదేరిన బండి డిసెంబరులో ఇల్లు చేరింది. అరువది నాలుగేండ్ల పాత బండి మళ్లీ ఖండాలు దాటగలిగిందంటే కారణం ఒక్కటే: విప్పి, చూసి, బాగుచేసి, తిరిగి బిగించగల చేతులు దానికి దొరికాయి.

ఇసుక విషయానికి వస్తే రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే ఆంగ్ల సైనికాధికారిని తలచుకోక తప్పదు. 1920ల చివరా 1930ల మొదటా ఆయన మిత్రులతో కలిసి మామూలు ఫోర్డు కార్లలో లిబియా ఎడారిని శోధించాడు. మరిగిన రేడియేటరు నుండి ఆవిరి రూపంలో నీరు పోతుంటే, ఆ ఆవిరిని గొట్టం ద్వారా నీళ్లున్న ఒక డబ్బాలోకి మళ్లించాడు. ఆవిరి అక్కడ నీరుగా మారుతుంది. ఇంజను చల్లబడినప్పుడు రేడియేటరు ఆ నీటిని తిరిగి తనలోకి పీల్చుకుంటుంది. ఎడారిలో చుక్క నీరు వృథా కాకుండా చేసిన ఈ ఏర్పాటు ఒక డబ్బా, ఒక గొట్టంతో ముగిసింది. ఇసుకలో దిగబడిన చక్రాల కింద పరచడానికి ఆయన వాడిన ఉక్కు పట్టాలు కైరో నగరంలో పాత ఇనుప సామాన్ల అంగడిలో కొన్నవి. ఆ తరువాత ఆయన గాలికి ఎగిరే ఇసుక నడకపై 1941లో వెలువరించిన గ్రంథం శాస్త్రజ్ఞులకు నేటికీ ప్రామాణికం. పాత ఇనుప అంగడికీ శాస్త్ర గ్రంథానికీ మధ్య ఆయన గోడ కట్టుకోలేదు. ఆ గోడను కట్టుకున్నది మనమే.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాము. 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫు దేశాలలో నిర్మాణాలు మొదలైన నాటి నుండి మన ప్రాంతపు యువకులు ముంబై బస్సెక్కి అక్కడి నుండి సౌదీ, దుబాయి, కువైటు, ఒమాను, ఖతరు, బహరేనులకు పోవడం అలవాటైంది. పోయినవారిలో తాపీ పనివారున్నారు, కూలీలున్నారు, పెద్ద సంఖ్యలో డ్రైవర్లున్నారు. సౌదీలో 2018 జూన్ వరకు స్త్రీలు కారు నడపడానికి అనుమతి లేకపోవడం వలన ఇంటి డ్రైవరు ఉద్యోగానికి అక్కడ గిరాకీ మెండు. నీళ్ల ట్యాంకరు, క్రేను, పికప్పు, యజమాని గారి ల్యాండ్ క్రూయిజరు, ఇలా నానా విధాల బండ్ల స్టీరింగుల వెనుక మన చిన్నాన్నలు, చిచ్చాలు కూర్చున్నారు. మోట కొట్టిన రైతు కొడుకు, సిరిసిల్లలో సాంచా నడిపిన కార్మికుని కొడుకు, కోరుట్లలో బీడీలు చుట్టిన తల్లి కొడుకు అరేబియా ఇసుకలో బండి నడపడం నేర్చుకున్నారు. వారికి దారి చూపే గ్రంథం లేదు, శిక్షణ ఇచ్చే గురువు లేడు, ఆపదలో ఆదుకొనే రెండవ బండి కూడా చాలాసార్లు లేదు.

ఈ వ్యాసం రాయడానికి ముందు మేము తిరిగి వచ్చిన కొందరు పెద్దల దగ్గర కూర్చున్నాము. వారు చెప్పిన సంగతులు మా పాఠ్యపుస్తకాలలో ఎక్కడా కనబడలేదు. పదిమందికీ ఉపయోగపడతాయని కొన్నింటిని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

ఇసుకలోకి దిగే ముందు టైరులో గాలి తగ్గించాలి. తారు రోడ్డు మీద ముప్ఫై, ముప్ఫై అయిదు పౌన్లుండే గాలిని పదిహేను పౌన్ల దాకా దించితే టైరు అణగి, నేలను తాకే భాగం పొడవవుతుంది. బరువు పరచుకొని చక్రం ఇసుకపై తేలుతుంది. ఒంటె పాదం వెడల్పుగా ఉండటంలోని మర్మం కూడా ఇదే. కాని తారు రోడ్డు ఎక్కగానే మళ్లీ గాలి నింపుకోవాలి. మెత్తని టైరుతో వేగంగా పోతే అది వేడెక్కి పగులుతుంది. కనుక గాలి కొట్టే పంపు లేకుండా ఇసుకలోకి దిగడం తెలివి కాదు.

చక్రం దిగబడినప్పుడు యాక్సిలేటరు తొక్కకూడదు. తొక్కినకొద్దీ చక్రం తన గోతిని తానే తవ్వుకుంటుంది. దిగి, చక్రాల ముందరి ఇసుకను పారతో తీసి, చెక్కో పట్టాయో వేసి, మెల్లగా కదిలించాలి. ఇసుక దిబ్బను నిటారుగా ఎక్కాలి, నిటారుగా దిగాలి. అడ్డంగా పోతే బండి దొర్లుతుంది. ఇసుకలో డీజిలు ఖర్చు రోడ్డు మీది లెక్కకు అందదు కాబట్టి పోయే దూరానికి కాక, పోయి రాగల దూరానికి మించి నింపుకోవాలి. మరిగిన రేడియేటరు మూత వెంటనే విప్పరాదు. విప్పితే లోపలి ఆవిరి ముఖాన్ని కాలుస్తుంది. డీజిలు పూర్తిగా అయిపోయి గొట్టంలో గాలి చేరితే, ట్యాంకు నింపినంత మాత్రాన ఇంజను లేవదు. చేతి పంపు కొట్టి ఆ గాలిని వెళ్లగొట్టాలి. ఇది తెలియని మనిషి నిండు ట్యాంకు ముందు నిస్సహాయుడై కూర్చుంటాడు.

పదిహేనేండ్లు నీళ్ల ట్యాంకరు నడిపి వచ్చిన ఒక పెద్దాయన మాట మాకు అన్నింటికంటె గుర్తుండిపోయింది. “బండి ఆగితే ముందు మనం ఆగాలె బిడ్డా. ఎండల తవ్వితే ఒంట్ల నీళ్లు పోతయి. నీడకు కూసోవాలె, పొద్దుగూకినంక తవ్వాలె,” అన్నారాయన. ఆపద వచ్చిన క్షణంలో చేతులు ఆడించడం కంటె ఆలోచించడం ముఖ్యమని ఇంత సూటిగా మాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

ఈ నేర్పు గల్ఫులోనే పుట్టిందనుకోవడం పొరపాటు. దాని వేళ్లు మన షెడ్లలో ఉన్నాయి. జగిత్యాల, కోరుట్లల మోటారు షెడ్లలో నేటికీ పనివాడిని ఉస్తాద్ అనీ, నేర్చుకొనే పిల్లవాడిని షాగిర్ద్ అనీ పిలుస్తారు. ఉస్తాద్ ఉర్దూలో పానా అడుగుతాడు, షాగిర్ద్ తెలుగులో ఏ సైజుదని అడుగుతాడు, ఇద్దరి చేతులూ ఒకే బోల్టు మీద పడతాయి. మా కళాశాలలో రెండు భాషలకు రెండు వేరు గదులున్నాయి గాని ఆ షెడ్డులో రెండు భాషలకూ ఒకే గది. సిరిసిల్లలో సాంచాలు బాగుచేసే మిస్త్రీలదీ ఇదే విద్య. శబ్దం వినగానే ఎక్కడ లోపమున్నదో వారు చెప్పగలరు. పోగు తెగగానే సాంచా ఆపి ముడివేయడం అలవాటైన చేతికి, తెగిన ఫ్యాను బెల్టును చూసి గాభరా కలుగదు. మన ప్రాంతపు యువకులు పరాయి యంత్రాలకు త్వరగా అలవాటు పడటానికి ఈ పూర్వ సంస్కారం ఒక కారణమని మేము విశ్వసిస్తున్నాము.

అయితే ఈ విద్య అందరికీ అందడం లేదు. అందనప్పుడు ఏమవుతుందో చెప్పడానికి మాకు చాలా బాధగా ఉన్నది. 2024 ఆగస్టులో సౌదీలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలో మన పూర్వపు కరీంనగర్ జిల్లాకు చెందిన ఒక యువకుడు, తోటి ఉద్యోగి అయిన ఒక సూడాన్ దేశస్థునితో పాటు ప్రాణాలు కోల్పోయాడు. దారి చూపే పరికరం పని చేయలేదు. ఫోను ఆరిపోయింది. బండిలో ఇంధనం అయిపోయింది. నాలుగు రోజుల తరువాత బండి పక్కన, నమాజు చేసుకొనే జానమాజ్‌ల మీద వారి దేహాలు దొరికాయని పత్రికలు రాశాయి. ఆ వార్త చదివిన రోజు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో తల్లులు కొడుకులకు ఫోను చేసి ఉంటారో మేము ఊహించగలము.

రుబ్ అల్ ఖాలీ వైశాల్యం సుమారు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే అందులో దాదాపు ఆరు తెలంగాణలు పడతాయి. అటువంటి చోట బండి ఆగితే బండిని విడిచి నడవకూడదని పెద్దలు చెబుతారు. ఆకాశం నుండి వెదికేవారికి మనిషి కంటె బండి ముందు కనబడుతుంది. ఆ ఇద్దరూ బండి దగ్గరనే ఉన్నారు. కాబట్టి ఆ ఒక్క నియమం చాలదు. ఏ దారిన పోతున్నామో, ఏ వేళకు తిరిగి వస్తామో వెనుక ఒకరికి చెప్పి పోవాలి. ఆ వేళ దాటగానే వెదకడం మొదలుపెట్టాలి. ఒంటరి బండిని లోతైన ఎడారిలోకి పంపరాదు. మనిషికి కావలసిన దానికి రెండింతల నీరు, రెండు స్టెప్నీలు, అదనపు ఇంధనం ఉండాలి. ఇవన్నీ బాగ్నోల్డు వంటి వారు తొంభై ఏండ్ల క్రితమే పాటించిన జాగ్రత్తలు. మరణించిన వారిని తప్పుపట్టడానికి మేము ఈ మాటలు అనడం లేదు. ఉద్యోగి తన ఇష్టం వచ్చినట్లు రెండవ బండిని కోరలేడు. కాని పంపేవారిని ఏమి అడగాలో కూడా తెలియకుండా పోయే పిల్లలు మన ఊళ్ల నుండి రేపూ బయలుదేరుతారు. వారి గురించే మా ఆవేదన.

మరొక రకపు ఆటంకం ఉన్నది. అది ఇంజనులో రాదు, కాగితంలో వస్తుంది. ఖండాలు దాటే యాత్రికులు తమ బండికి ‘కార్నే’ అనే పత్రం తీసుకుంటారు. బండిని ఆ దేశంలో అమ్ముకోము, తిరిగి తీసుకుపోతామని ఇచ్చే హామీ అది. అది లేకపోతే ఎంత మంచి బండి అయినా సరిహద్దు గేటు దగ్గర ఆగవలసిందే. అదే విధంగా మన డ్రైవరుకు పాస్‌పోర్టు, వీసా, అకామా సరిగా లేకపోతే చేతిలో ఎంత నేర్పున్నా వ్యర్థం. డ్రైవరు పని అని చెప్పి తీసుకుపోయి ఒంటెలు, గొర్రెలు కాయడానికి ఎడారిలో విడిచిపెట్టిన ఉదంతాలు మన ప్రాంతంలో తెలియనివారు లేరు. యజమానిని విడిచి ఖల్లివెల్లి అయినవాడు బాగుచేయలేని బండి వలె ఆగిపోతాడు. వీసాలో ఏ పని రాసి ఉన్నదో చదివి చెప్పగల విద్యార్థి ప్రతి వాడకట్టులోనూ ఉన్నాడు. ఆ కాగితం చదివిపెట్టడం కూడా మరమ్మతు పనే.

మా అభిప్రాయానికి రెండు అభ్యంతరాలు రావచ్చును. మొదటిది, ఇప్పటి బండ్లలో కంప్యూటరు ఉన్నది, ఆకాశంలో ఉపగ్రహాలు దారి చూపుతాయి, ఈ పాత నేర్పు ఎందుకు అని. ఆ యువకుని బండిలోనూ దారి చూపే పరికరం ఉండినది. యంత్రం ఎంత తెలివైనదైతే, అది ఆగిన నాడు మనిషి అంత అమాయకుడవుతున్నాడు. టైరులో గాలి, డబ్బాలో నీరు, వెనుక ఒక మనిషికి చెప్పిన మాట, ఈ మూడింటికీ నేటికీ ప్రత్యామ్నాయం లేదు.

రెండవది, ఈ విద్య నేర్పడమంటే పిల్లలను ఊరు విడిచి పొమ్మని ప్రోత్సహించడమే కదా అని. మేము ఎవరినీ పొమ్మనడం లేదు. ఇక్కడనే బ్రతుకు దొరికితే ఎవరూ పోరు. అది దొరికే వరకు పోయేవారు పోతూనే ఉంటారు. గల్ఫులో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం అందించాలని రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. అది న్యాయమైన నిర్ణయమే. కాని మరణం తరువాత ఇచ్చే లక్షలతో పాటు, ప్రయాణానికి ముందు ఇచ్చే నాలుగు రోజుల శిక్షణ కూడా ఉంటే ఆ లక్షలు ఇవ్వవలసిన ఇళ్లు తగ్గుతాయి.

ఇది మగవారి విద్య అని భావించే సోదరీమణులకు కూడా ఒక మాట. 2018లో హైదరాబాదుకు చెందిన జయభారతి నాయకత్వంలో నలుగురు మహిళలు మోటారు సైకిళ్లపై మన ఈశాన్య సరిహద్దు దాటి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం దేశాలు తిరిగి వచ్చారు. అటువంటి దారిలో ప్రతి పంక్చరుకూ ఎవరో వచ్చి సహాయపడతారని ఎదురుచూడడం సాధ్యం కాదు. జగిత్యాల నుండి ధర్మపురికి స్కూటీ మీద పోయే మన విద్యార్థినికి కూడా చక్రం విప్పడం వస్తే ఆమె ధైర్యం రెండింతలవుతుంది.

కావున మా సూచనలు మూడు. మొదటిది, తిరిగి వచ్చిన డ్రైవర్లను, మిస్త్రీలను ఏడాదికొకసారి కళాశాలకు పిలిచి, అతిథి ఉపన్యాసకులకు వేసే కుర్చీనే వారికీ వేసి, వారి అనుభవాలు వినాలి. రెండవది, ఆ అనుభవాలను విద్యార్థులు తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఈ పత్రికలో ప్రతి సంవత్సరం కొన్ని పుటలు ప్రచురించాలి. ఇంగ్లీషు యాత్రికుడు రాసుకున్నాడు కాబట్టి అతని అనుభవం లోకానికి అందింది. మన చిచ్చాలు రాయలేదు కాబట్టి వారితోనే పోతున్నది. మొదటి తరం వారిలో కొందరు ఇప్పటికే కన్నుమూశారు. మూడవది, వేసవి సెలవులలో నాలుగు రోజులు, ఊరి ఉస్తాద్‌ల సహకారంతో, పోబోయే యువకులకు టైరు, రేడియేటరు, డీజిలు గొట్టం, వీసా కాగితం చూడడం నేర్పాలి. దీనికి భవనం అక్కరలేదు. ఒక పాత జీపు, ఒక చెట్టు నీడ, ఒక తట్టెడు ఇసుక చాలు.

మా తరగతిలో ఇప్పుడు కూర్చున్నవారిలో ఇద్దరు ముగ్గురైనా మరో రెండేండ్లలో ఏదో ఎడారి దారిలో స్టీరింగు పట్టుకొని ఉంటారు. ఏదో ఒకనాడు వారి బండీ ఆగుతుంది. ఆ వేళ వారికి మనము చెప్పిన పాఠాలలో ఏది గుర్తుకు వస్తుందో, అదే మన కళాశాల వారికి ఇచ్చిన విద్య. గాలి ఎంత తగ్గించాలో, నీడలో ఎందుకు కూర్చోవాలో, ఎవరికి చెప్పి బయలుదేరాలో వారికి గుర్తుకు రావాలని మా కోరిక. అందరూ క్షేమంగా పోయి, క్షేమంగా ఇల్లు చేరుదురు గాక!